పక్క రాష్ట్రపు హెల్త్ ఇన్సూరెన్సు కొనుక్కోనిస్తే ప్రీమియం తగ్గుతుందా?

జెర్సీ కోడలు:
న్యూజెర్సీలో మాదొక చిన్న కొట్టు. ఆఫీసు ఇచ్చే ఇన్సూరెన్సు లేదు, మేమే కొనుక్కోవాలి. నది దాటితే పెన్సిల్వేనియా. అక్కడున్న మా తోడికోడలు మాకన్నా బాగా తక్కువ కడుతోంది. కారు అక్కడ కొనుక్కోవచ్చు, టీవీ కొనుక్కోవచ్చు, పాలసీ మాత్రం కుదరదట! విజయవాడలో తీసుకున్న పాలసీ ముంబైలో చెల్లడం లేదూ? 2016 ఎన్నికల్లో ట్రంప్ ఈ రాష్ట్రాల గీతలు చెరిపేస్తానన్నాడు. 2017 అక్టోబర్ ఉత్తర్వులోనూ ఆ మాట ఉంది. మరి ఎందుకు జరగలేదు?

అట్లాంటా రావు:
మా జార్జియాలో 2011లోనే చట్టం చేశారండీ. వేరే రాష్ట్రంలో అనుమతి ఉన్న పాలసీని ఇక్కడ అమ్ముకోవచ్చన్నారు. ఒక్క కంపెనీ రాలేదు. మెయిన్, వయోమింగ్ రాష్ట్రాలు కూడా ఇలాంటి చట్టాలే చేశాయి, అక్కడా అంతే.
అడ్డం చట్టం కాదు, నెట్‌వర్క్. అంటే కంపెనీతో రేటు ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆస్పత్రుల జాబితా. కొత్త కంపెనీ అట్లాంటాలో ఒక్కో ఆస్పత్రితో కూర్చుని రేటు బేరమాడాలి. పేషెంట్లు లేని కంపెనీకి ఆస్పత్రి రేటు తగ్గించదు. రేటు తగ్గకపోతే ప్రీమియం తగ్గదు. ప్రీమియం తగ్గకపోతే పేషెంట్లు రారు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు.

ఫీనిక్స్ శాస్త్రి:
ఎవరూ రాలేదని తలుపు మూసేస్తామా? మా అరిజోనా కాంగ్రెస్ సభ్యుడు జాన్ షాడెగ్ 2005లోనే దీనికి బిల్లు పెట్టాడు, చట్టం కాలేదు. ఒక్కో రాష్ట్రం పాలసీలో అదుండాలి, ఇదుండాలి అని జాబితా పెంచుకుంటూ పోతుంది. పిల్లలు వద్దనుకున్నవాడు కూడా సంతాన చికిత్సకి ప్రీమియం ఎందుకు కట్టాలి? 2010 నాటి ఒబామా ఆరోగ్య చట్టంలోనే, రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటే 2016 నుంచి ఇలా అమ్మవచ్చని ఉంది. ఏ రాష్ట్రమూ ముందుకు రాలేదు. ఒక్కో రాష్ట్రంలో ఇన్సూరెన్సుని అదుపు చేసే కమిషనర్లు తమ పెత్తనం వదులుకోరు, అదీ సంగతి.

బఫెలో సునీత:
నేను బిల్లింగ్‌లో పనిచేస్తాను శాస్త్రిగారూ. ఆ పెత్తనం 1945 నాటి మెక్‌కారన్-ఫెర్గూసన్ చట్టం ఇచ్చింది. క్లెయిమ్ ఎగ్గొడితే మనం మొరపెట్టుకునేది కూడా ఆ కమిషనర్ దగ్గరే. పాలసీ ఎక్కడో రాష్ట్రానిదైతే ఎవరి గడప తొక్కుతారు?
క్రెడిట్ కార్డులకి ఏమైందో చూడండి. 1980లో సౌత్ డకోటా వడ్డీ పరిమితి ఎత్తేసింది, సిటీబ్యాంక్ తన కార్డుల వ్యాపారాన్ని అక్కడికి మార్చేసింది. నియమాలు ఎక్కడ పల్చగా ఉంటే కంపెనీలు అక్కడికే చేరతాయి. పాతికేళ్ల కుర్రాడు చవక పాలసీ తీసుకుని వెళ్లిపోతాడు. షుగరూ, గుండెజబ్బూ ఉన్నవాళ్లు ఇక్కడే మిగులుతారు, వాళ్ల ప్రీమియం ఇంకా పెరుగుతుంది.

జెర్సీ కోడలు:
ఆ ఒబామా చట్టం వచ్చాక జబ్బుందని ఎవరినీ కాదనకూడదుగా సునీతగారూ? పది రకాల సేవలు ఏ రాష్ట్రంలోనైనా ఉండాల్సిందేగా? ఇక ఆ భయం దేనికి?

బఫెలో సునీత:
మంచి ప్రశ్న. ఆ భయం చాలావరకు తగ్గినట్టే. కానీ దాంతోపాటు ఆదా కూడా పోయింది. అన్నిచోట్లా దాదాపు అవే సేవలుంటే ఇక మిగిలే పెద్ద తేడా ఆస్పత్రి బిల్లుదే. మీ తోడికోడలి పాలసీ చవకంటే అక్కడి ఆస్పత్రులు చవకని అర్థం. మీరు వైద్యం చేయించుకునేది మీ ఊళ్లోనే కదా.

అట్లాంటా రావు:
ఇండియా మాట అన్నారు కాబట్టి చెప్తున్నా. అక్కడ దేశమంతటికీ ఇన్సూరెన్సుని అదుపు చేసే సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక్కటే, ఆఫీసు మన హైదరాబాద్‌లోనే. అయినా కొన్ని కంపెనీలు ఢిల్లీ, ముంబై వాళ్ల దగ్గర చిన్న ఊళ్లకన్నా ఎక్కువ ప్రీమియం తీసుకుంటాయి.
ఇంకోటి, మన ఐటీవాళ్లకి ఈ గొడవే పట్టదు. చాలా పెద్ద కంపెనీలు ఉద్యోగుల వైద్యం ఖర్చు తామే భరిస్తాయి. 1974 నాటి ఎరిసా చట్టం వల్ల ఆ ప్లాన్లకి రాష్ట్రాల ఇన్సూరెన్సు నియమాలు వర్తించవు. టెన్షనంతా కొట్లు, ట్యాక్సీలు నడుపుకునేవాళ్లదే.

ఫీనిక్స్ శాస్త్రి:
చూశారా! పెద్ద కంపెనీకి గీతలు అడ్డం రావు, కొట్టుకి మాత్రం వస్తాయి. నా వాదనకి ఇంతకన్నా ఏం కావాలి?

జెర్సీ కోడలు:
ఈ విషయంలో నేను శాస్త్రిగారి వైపే, అది అన్యాయమే. కానీ ఇవాళ మావారిని గుండె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు తోడికోడలి పాలసీ పేరు చెప్పి, తీసుకుంటారా అని ఊరికే అడిగాను. కౌంటర్లో అమ్మాయి తలైనా ఎత్తకుండా, "ఆ నెట్‌వర్క్‌లో మేం లేం" అంది.