గేదెకు ఇంజెక్షన్ పడలేదు, ఎవరికి రిపోర్ట్ చేయాలి?

మొన్న మా ముర్రా గేదెకు జ్వరమని యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేయించాం. పది నిమిషాలు కాలేదు, కళ్ళు, మూతి ఉబ్బిపోయి ఆయాసపడుతూ కూలబడింది. అదృష్టం కొద్దీ డాక్టరు గారు ఇంకా పాకలోనే ఉన్నారు. వెంటనే అడ్రినలిన్ ఇచ్చారు, బతికింది. పాలు సగానికి పడిపోయాయి. పైగా చూడిది, అదే టెన్షన్.

సీసా పారేయలేదు, బ్యాచ్ నంబరు ఫొటో తీసిపెట్టాను. మనుషుల మందులకైతే ఘజియాబాద్‌లోని ఫార్మకోపియా కమిషన్ (మందుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ హెల్ప్‌లైన్ 1800-180-3024 ఉంది. పశువుల మందులకు ఎవరికి చెప్పాలి? 1962కి ఫోన్ చేస్తే వైద్యానికి బండి వస్తుంది, ఇలాంటి ఫిర్యాదు కూడా తీసుకుంటారా? డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాయాలా, కంపెనీకా? డాక్టరు గారిని ఇరికించే ఉద్దేశం లేదు, ఆయన తప్పేమీ కాదు. ఇంతకుముందు ఎవరైనా రిపోర్ట్ చేసి ఉంటే, ఏమేం వివరాలు అడిగారో కాస్త చెప్పండి.