అప్‌డేట్: రెండో బ్యారెల్ దగ్గర భుజం వాల్చేస్తున్న మా గుర్రం

మూడు డ్రమ్ముల (బ్యారెళ్ల) చుట్టూ గుర్రాన్ని తిప్పుతూ పరిగెత్తించే బ్యారెల్ రేసింగ్‌లో, టెక్సస్‌లో మా దగ్గరే పుట్టిన క్వార్టర్ హార్స్ జాతి గుర్రం రెండో బ్యారెల్ దగ్గర భుజం లోపలికి వాల్చి డ్రమ్ము పడగొడుతోందని అడిగాను కదా. చాలామంది ఇంకా గట్టి కళ్లెం వేయమన్నారు, వేయలేదు, ముందు పళ్లు చూపించమన్న ఒకరి మాట విన్నాను. డాక్టర్ నోరు తెరిపించి చూస్తే పై దవడ పళ్లకు ముందు, సరిగ్గా కళ్లెం తగిలే చోట, గింజంత పన్ను! తీయించాం. పుండు మానాక మళ్లీ నడకతోనే మొదలుపెట్టి, డ్రమ్ము ఇంకా రాకముందే వెనక కాళ్ల మీద బరువు వేసుకుంటేనే తిప్పుతున్నాం. ఎడమ మలుపులు కుదిరాయి. దౌడు మాత్రం ఇప్పుడే తీయించను, డ్రమ్ము పడితే ఎలాగూ పరుగు టైముకు 5 సెకన్లు కలుపుతారు, ఇక తొందర దేనికి? నాలుగేళ్లకే ఫ్యూచురిటీలో (కుర్ర గుర్రాల పోటీలో) దింపుదామని మా ఆయన ఒకటే గోల, నేను పట్టించుకోవట్లేదు.