ఈ కాప్టిక్ గాజు సీసాను కడగొచ్చా?

సుధ, మలక్‌పేట:
మా ఆడపడుచు కైరో నుంచి చిన్న గాజు సీసా తెచ్చిచ్చింది. కాప్టిక్ కాలం నాటిదని, అంటే పాత ఈజిప్టు క్రైస్తవుల కాలం నాటిదని, పదిహేను వందల ఏళ్లవుతుందని అమ్మినాయన చెప్పాడట. పైన నెమలి కంఠంలా రంగులు, లోపల ఎండిన మట్టి. సబ్బునీళ్లతో కడగొచ్చా? ఆ రంగులు అప్పటివాళ్లు వేసినవేనా?

గాజుపని, హబ్సిగూడ:
ఇప్పుడే కడగకండి సుధ గారూ. నేను ల్యాబులకు గాజు పరికరాలు ఊది రిటైరైనవాణ్ణి. పాత గాజు మీద అలాంటి మెరుపు ఏ పనివాడూ వేసింది కాదు. మట్టిలోని తేమ గాజులోంచి క్షారాన్ని లాగేస్తే పైభాగం సన్నటి పొరలుగా విడిపోతుంది. వాటి మీద వెలుతురు పడి రంగులు కనిపిస్తాయి. తోమితే రాలిపోతాయి.

వాళ్లు కావాలని చేసిన అలంకారం వేరు. ఈజిప్టులో ఫయ్యూమ్ ప్రాంతంలోని కరానిస్ అనే పాత ఊరిని అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీవాళ్లు 1924 నుంచి 1935 దాకా తవ్వారు. ఇళ్లలో గాజు గిన్నెలు, దీపాలు బోలెడు దొరికాయి. ఆ కాలపు దీపాలు కొన్ని కిందికి కోసుగా ఉంటాయి. నీళ్లు పోసి, పైన నూనె తేల్చి వత్తి వెలిగించేవాళ్లు. ఇసుకలోని ఇనుము వల్ల గాజు ఆకుపచ్చగా ఉంటుంది, దాని మీద నీలం గాజు బొట్లు. నాకు ఆ బొట్లంటే ప్రాణం! వేడి తగ్గకముందే అద్దాలి. రెండు గాజులూ చల్లారేటప్పుడు ఒకేలా కుంచించుకోవాలి, లేదంటే బొట్టు చుట్టూ పగులుతుంది. థర్మామీటర్ లేని కొలిమి ముందు అది సాధించారంటే ఎంత పనితనమో చూడండి.

గాజు మీద వెండి, రాగి లవణాలతో గీసి పొగబట్టీలో కాల్చే లస్టర్ పని కూడా ఈజిప్టులో ఉంది, కానీ అది అరబ్బుల పాలన వచ్చాక, 8వ శతాబ్దంలో.

రఫీ, టోలిచౌకి:
సుధ గారూ, నిజంగా పాతదైతే ఇంకో టెన్షన్. 1983 నాటి 117వ నంబరు చట్టం ప్రకారం ఈజిప్టులో పురాతన వస్తువుల వ్యాపారం నిషేధం, దేశం దాటించడం నేరం. రసీదు ఉందేమో అడగండి.

సుధ, మలక్‌పేట:
రసీదు లేదండీ. సీసాకు రెండు పక్కలా నిలువు గీత ఉంది.

గాజుపని, హబ్సిగూడ:
గీత మూతి అంచు మీదుగా కూడా పోయిందా?

సుధ, మలక్‌పేట:
అవునండీ, వేలికి తగులుతోంది.

గాజుపని, హబ్సిగూడ:
అయితే అది అచ్చు అతుకు గీత, మెషీన్ మీద తయారైన ఈ కాలపు సీసా. నిశ్చింతగా కడుక్కోండి. కరానిస్ గాజు ఇప్పుడు చాలావరకు కైరోలో, ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ యూనివర్సిటీవాళ్ల కెల్సీ మ్యూజియంలో ఉంది. కెల్సీవాళ్ల ఫొటోలు నెట్‌లో దొరుకుతాయి, నీలం బొట్లను పెద్దవి చేసి చూడండి.