దేశం తరఫున పోయే పాట: ఎంచాల్సింది జనమా, జడ్జీలా?

మూసీగట్టు (నల్లగొండ):
చాన రోజులసంది మనసుల మెదులుతున్న ముచ్చట ఇది, అందరు మీ మీ మాట చెప్పుర్రి. యూరోవిజన్ అని యూరప్ దేశాల పాటల పోటీ ఉంటది, 1956ల స్విట్జర్లాండ్ లుగానోల మొదలైంది, ఒక్కో దేశం నుంచి ఒక్క పాటనే పోవాలె. ఆ ఒక్కదాన్ని ఎట్ల ఎంచాల్నో మాత్రం ఏ దేశం టీవీ వాళ్ల ఇష్టం వాళ్లది. 2022ల స్పెయిన్ ఏం చేసిందో సూడుర్రి. ఏ పాట పంపాల్నో తేల్చెతందుకు బెనిడోర్మ్ అనే ఊర్ల పోటీ పెట్టిన్రు. తాన్షుగేయిరాస్ అని ముగ్గురు ఆడోళ్లు, గలీసియా అనే మూల ప్రాంతం వాళ్లు, కంజిర లాంటిది చేతవట్టి వాళ్ల గలీసియన్ భాషలనే పాడే బృందం. ఫోన్ ఓట్లల్ల 70 శాతం దాటి వాళ్లకే పడ్డయి. షానెల్ అనే ఆమెకు 4 శాతం కూడ నిండలె. గెలిచిందెవరు? షానెల్! ఆమెకు 96, ఈ ముగ్గురికి 90, మూడో ప్లేసు.

లెక్క ఎట్ల కట్టిన్రంటె సగం మార్కులు జ్యూరీ చేతిల, పావు వంతు సర్వే లెక్క ఏరుకున్న జనాల ప్యానెల్‌కు, పావు వంతు ఫోన్ ఓట్లకు. ఆ పావు వంతుల కూడ శాతాన్ని శాతం తీరుగ తీస్కోలె, ర్యాంకు కింద మార్చిన్రు. ఫస్ట్ వస్తె 30, మూడోది వస్తె 20. అంటె 70 శాతానికి, 4 శాతానికి నడుమ తేడా పది మార్కులే! గిది జనం ఓటా? అసలు జనాన్ని ఫోన్ చెయ్యమని అడుగుడు ఎందుకు మల్ల? అక్కడ ఈ లొల్లి పార్లమెంటు దాక పోయింది. నేననేది ఒక్కటే, దేశం పేరు మీద పోయే పాట జనం పంపిందే కావాలె.

స్వరలక్ష్మి (దేవరకొండ):
తమ్ముడూ, సగం కథ చెప్పి ఆపేసినవ్. ఆ షానెల్ టూరిన్‌ల జరిగిన యూరోవిజన్‌కు పోయి 459 పాయింట్లతో మూడో స్థానం తెచ్చింది, 1995 తర్వాత స్పెయిన్‌కు అంత మంచి ప్లేస్ రాలేదు. మరి జ్యూరీ ఎంపిక తప్పెట్లయితది? నేను పిల్లలకు పాట నేర్పిస్త, పోటీలకు తీస్కపోత. చప్పట్లు ఎవరికి ఎక్కువొస్తయంటే ఎవరి చుట్టాలు ఎక్కువొచ్చిండ్రో వాళ్లకే. శ్రుతి తప్పినా ఈలలు ఆగవు. జనం ఓటు అంటె భయపడేది అందుకే. యూకే 2019ల జనం ఓట్లతోని పంపిన పాట ఆఖరి ప్లేసుల నిలవడ్డది, 2022ల ఓటింగ్ లేకుంట లోపల్నే ఎంచి పంపిన శామ్ రైడర్ రెండో ప్లేసు కొట్టిండు.

మూసీగట్టు (నల్లగొండ):
అక్కా, 2021ల కూడ యూకే లోపల్నే ఎంచింది కదా, ఏమొచ్చింది? జ్యూరీల సున్నా, జనం ఓట్లల్ల సున్నా. లోపల కూసొని ఎంచితె మంచిగొస్తదనే గ్యారంటీ ఏం లేదు.

నల్లమల (అచ్చంపేట):
మూసీగట్టు తమ్మీ, నీ మనసు మంచిదే గని మన దేశానికి పెట్టి చూడు ఒకసారి. రేపు ఇసొంటి పోటీకి ఇండియా ఒక పాట పంపాలె, ఓటింగ్ పెట్టిన్రు అనుకో. 2011 జనాభా లెక్కల్ల హిందీ మాతృభాష అని రాయించుకున్నోళ్లు 52 కోట్ల పైన, తెలుగు 8 కోట్ల పైన. మనోళ్లందరు పొద్దంత ఓట్లేసుకుంట కూసున్నా ఏం కాదు. ఇగ తెలుగుల మల్ల పాలమూరు యాసల ఒక పాట, మా తాండల లంబాడోళ్ల పాట, నల్లమల చెంచుల పాట... వీటికి ఎన్ని ఓట్లు పడతయ్? తలకాయలు లెక్కవెడితె చిన్న గొంతు ఎప్పటికీ ఓడుతది. నేనైతె జ్యూరీ దిక్కే.

మూసీగట్టు (నల్లగొండ):
అన్నా స్పెయిన్‌ల జరిగింది దానికి రివర్సు కదా! గలీసియాల ఉన్నదే 27 లక్షల మంది, దేశం మొత్తం అప్పట్ల 4 కోట్ల 70 లక్షలు. 70 శాతం ఓట్లు ఆ మూల నుంచే వచ్చినయా? వేరే భాషోళ్లు వేసిన్రు. ఒక్కొక్కడు పదిసార్లు ఫోన్ చేసిండు అంటరేమో, మరి ఏరుకున్న ప్యానెల్ ఉంది కదా, దాంట్ల కూడ ఈ ముగ్గురే ఫస్ట్. జనం రెండు తీర్ల చెప్పిన్రు, జ్యూరీ ఒక్కటే వినలె. జనానికి చిన్న భాష తెల్వదు, పట్టించుకోరు అనేది మనం పెట్టుకున్న భయం అన్నా.

వనపర్తి చిన్నోడు:
నేను మూసీగట్టు అన్న దిక్కు. 2025ల స్వీడన్ నుంచి కాయ్ అని ముగ్గురు పోయిన్రు, ఫిన్లాండ్‌ల వోరో అనే చిన్న ఊరోళ్లు, వాళ్ల ఊరి స్వీడిష్ యాసల సౌనా అనే ఆవిరి స్నానం మీద పాట. 2015ల యూరోవిజన్ గెలిచిన మోన్స్ సెల్మెర్లోవ్ కూడ స్వీడన్ పాట ఎంచే పోటీల దిగిండు, గయినను దాటి వీళ్లు గెలిచిన్రు. స్వీడన్ నుంచి స్వీడిష్ పాట పోవుడు 1998 తర్వాత అదే ఫస్టు!! బాసెల్‌ల జరిగిన యూరోవిజన్‌ల నాలుగో ప్లేసు వచ్చింది. యాసల పాడితె బయటోళ్లకు అర్థం కాదు అని మనోళ్లే అంటరు, ఆడ ఒక ఊరి యాస యూరప్ మొత్తం ఇన్నది.

దరువు (కల్వకుర్తి):
మీరంత ఓట్ల కాన్నే ఆగిన్రు, నేను డప్పు కొట్టెటోన్ని నా బాధ వేరే. ఆ పోటీ రూల్సు చదివిన, పాట మూడు నిమిషాలు దాటొద్దు, స్టేజి మీద ఆరుగురికి మించొద్దు, పాడేటోని గొంతు లైవే ఉండాలె గని వాయిద్యాలు మాత్రం రికార్డుల నుంచే రావాలె. డప్పును గడ్డిమంట మీద కాపితెనే పలుకుతది, సల్లవడ్డదంటె మల్ల కాపాలె, లావు కర్ర చిర్ర ఎంత గట్టిగ వెయ్యాలె సన్నటి సిటికెన పుల్ల ఎప్పుడు తేలిగ్గ తాకాలె అనేది పాడేటోని గొంతు ఇనుకుంట అప్పటికప్పుడు తేల్చుకుంటం. గిదంత రికార్డుల పెట్టి నన్ను ఉత్తగ చెయ్యి ఊపమంటె ఎట్లుంటది. అందుకే పాట ఎంచేటప్పుడే ఈ మూడు నిమిషాల్ల ఈ పద్ధతిల ఏ పాట నిలవడ్తదో తెలిసినోళ్లు కూసోవాలె. జనానికి అది తెల్వదు. గని ఇప్పుడున్న జ్యూరీలకు కూడ తెల్వదు, ఎందుకంటె ఆ కుర్సీల డప్పు కొట్టెటోన్ని ఎవరు కూసోవెట్టిన్రు? మా ఊరి పోరగాళ్లను ఒక జిల్లా పోటీకి తీస్కపోతె, పాట మొదలు కాకముందే మైకుకు డప్పు దూరం జరుపుర్రి సౌండు ఎక్కువైతుందన్నరు. దరువు లేకుంట దరువు పాటకు మార్కులేసిన్రు, ఇంటికి పంపిన్రు. పోరగాళ్లు బస్సుల ఒక్క మాట మాట్లాడలె.

స్వరలక్ష్మి (దేవరకొండ):
దరువు అన్న చెప్పింది ఒప్పుకుంట. జ్యూరీ వద్దనేకంటె జ్యూరీల ఎవరుండాలె అనేదే అసలు కొట్లాట కావాలె.

మిర్యాలగూడ రైస్:
నాటు నాటు సంగతి ఎవ్వరు తియ్యరేంది? కమిటీ పక్కకువెట్టింది, ఆస్కార్ వచ్చింది, చర్చ ఖతం.

స్వరలక్ష్మి (దేవరకొండ):
తమ్ముడూ ఆ రెండు కలపొద్దు. ఫిల్మ్ ఫెడరేషన్ 2022ల పంపింది విదేశీ సినిమాల కేటగిరీకి, ఒక గుజరాతీ సినిమాను ఎంచింది, అది కూడ చివరి 15 సినిమాల లిస్టు దాక పోయింది. పాట కేటగిరీకి దేశం తరఫున పంపుడే ఉండదు, నిర్మాతలే వేసుకుంటరు. 2023 మార్చిల వచ్చిన అవార్డు మనందరికీ గర్వమే, కాని కమిటీ ఓడింది అనడానికి అది సాక్ష్యం కాదు.

మూసీగట్టు (నల్లగొండ):
అక్క చెప్పింది కరెక్టే, అందుకే నేను ఆ ముచ్చట తియ్యలె. నల్లమల అన్న భయానికి నా జవాబు ఇది. యూరోవిజన్‌లనే దారి ఉంది. మాల్టాల అయిదు లక్షల చిల్లర జనం, జర్మనీల ఎనిమిది కోట్ల పైన, అయినా ఇద్దరు ఇచ్చే పెద్ద మార్కు 12 మాత్రమే, మల్ల సొంత దేశానికి ఓటెయ్య రాదు. మన దగ్గర కూడ రాష్ట్రానికో లెక్క సమానంగ పెట్టుర్రి, ఎవని రాష్ట్రానికి వాడు వేసుకోవద్దు. అప్పుడు యూపీ జనాభా మణిపూర్ మీద పడదు. మన పాట మణిపూరోడికి నచ్చాలె, వాళ్ల పాట మనకు నచ్చాలె. జ్యూరీకి సగం ఇయ్యుర్రి, దాంట్ల వాయించేటోళ్లు ఉండాలె, మిగిలిన సగం జనానిది, శాతాన్ని శాతం లెక్కనే కట్టాలె. స్పెయిన్ చేసిన ర్యాంకుల మాయ మాత్రం వద్దే వద్దు.

నల్లమల (అచ్చంపేట):
గిది బాగుంది తమ్మీ, రాష్ట్రానికో లెక్క అంటె నేను కూడ ఓటు దిక్కు వస్త. గని ఒకటి తేల్చు. తెలంగాణ తరఫున పోయే పాట ఏడ ఎంచుతరు? హైదరాబాదుల ఏసీ హాలుల ఒక్క పొద్దుల తేల్చేస్తరా? లింగాల మండలం అవుసలికుంట మొగిలయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది, 12 మెట్ల కిన్నెర ఆయనది, అంతకుముందు ఎన్నేండ్లు ఊర్లు తిరుగుకుంట వాయించిండు, ఎవరు పట్టించుకున్నరు? ఆయనసొంటోళ్లు అప్లికేషన్ పెట్టి ఆడిషన్‌కు రారు. జిల్లాల మొదటి రౌండు ఎవరు పెడతరు, ఊర్లకు ఎవరు పోతరు, దానికి పైసలు ఎవరిస్తరు, ఇది చెప్పు ముందు.