హ్యాండ్‌పీస్‌ను స్పిరిట్‌తో తుడిస్తే సరిపోతుందా?

ప్రశ్న – దంతవైద్యురాలు, ఉప్పల్

ఉప్పల్‌లో రెండు కుర్చీలతో ఈ మధ్యే సొంత క్లినిక్ తెరిచాను. ఫోర్సెప్స్, మౌత్ మిర్రర్లు, స్కేలర్ టిప్పులు అన్నీ కాగితపు పౌచ్‌లలో పెట్టి ఆటోక్లేవ్‌లో ఆవిరితో స్టెరిలైజ్ (క్రిములు లేకుండా) చేస్తున్నాను. చిక్కంతా పన్ను డ్రిల్ చేసే, గాలితో తిరిగే ఎయిరోటర్ హ్యాండ్‌పీస్‌లతోనే. సాయంత్రం రద్దీలో ఉన్న మూడూ చాలడం లేదు. మాటిమాటికీ ఆటోక్లేవ్‌లో పెడితే బేరింగులు పోతాయని, రోగికీ రోగికీ మధ్య స్పిరిట్‌తో తుడిస్తే చాలని కోఠిలో పరికరాలు అమ్మే ఒకాయన చెబుతున్నారు. నా ఆటోక్లేవ్ ప్రెషర్ కుక్కర్ తరహాలో నిలువుగా ఉండేది. కుర్చీలకు నీరు మేడమీది ట్యాంకు నుంచి వస్తుంది. ఎండాకాలంలో అందులో బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు కూడా కలుస్తాయి. ఉన్న కొద్ది డబ్బును ముందుగా దేనిమీద పెట్టమంటారు?

జవాబు – సీనియర్ దంతవైద్యుడు, హిమాయత్‌నగర్

ముందు హ్యాండ్‌పీస్‌లే కొనండి డాక్టర్ గారూ. ఎయిరోటర్ తిరగడం ఆగిన క్షణంలో బర్ (పన్నును కోసే ముక్క) చుట్టూ ఉన్న సందుల గుండా రోగి లాలాజలం, రక్తం దాని తలలోకి వెనక్కి లాగబడతాయి. స్పిరిట్ దూది పైపైనే తిరుగుతుంది గనుక లోపల చేరినది తర్వాతి రోగి నోట్లోకి నీటి తుంపరతో పాటు వెళుతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2003లో దంతవైద్యానికి ఇచ్చిన మార్గదర్శకాలు ప్రతి రోగి తర్వాతా హ్యాండ్‌పీస్‌ను వేడితోనే స్టెరిలైజ్ చేయమన్నది ఇందుకే. బేరింగుల భయం పూర్తిగా అబద్ధం కాదు గానీ, శుభ్రం చేసి, ఆయిల్ వేసి, ఒకసారి తిప్పి ఎక్కువైన ఆయిల్‌ను బయటికి పంపాక పౌచ్‌లో పెడితే నష్టం చాలా తగ్గుతుంది. అమ్మేవాళ్ల సలహా అమ్మకం వరకే తీసుకోండి.

జవాబు – సీఎస్‌ఎస్‌డీ (ఆసుపత్రిలో పరికరాలను స్టెరిలైజ్ చేసే విభాగం) టెక్నీషియన్, సికింద్రాబాద్

పై డాక్టర్ గారి మాటతో ఒక చోట విభేదిస్తున్నాను. నిలువు ఆటోక్లేవ్‌లో పెట్టేటట్లయితే పది హ్యాండ్‌పీస్‌లు కొన్నా ప్రయోజనం అంతంత మాత్రమే. సన్నని గొట్టాలలో ఇరుక్కున్న గాలి బయటికి పోకపోతే ఆవిరి అక్కడికి చేరదు. క్లాస్ బి అనే రకం ఆటోక్లేవ్ ముందుగా గాలిని పంపుతో లాగేస్తుంది, అప్పుడే 134 డిగ్రీల ఆవిరి లోపలిదాకా వెళుతుంది. ఫోర్సెప్స్ వంటి గట్టి పరికరాలకు మీ పాత యంత్రం 121 డిగ్రీల వద్ద, పౌచ్‌లతో అయితే 30 నిమిషాలు, నిక్షేపంగా పనికొస్తుంది.

మరొక సంగతి. పౌచ్ మీది గుర్తు రంగు మారగానే అంతా అయిపోయిందనుకుంటారు. అది పౌచ్ యంత్రంలోకి వెళ్లి వేడెక్కిందని మాత్రమే చెబుతుంది. క్రిములు నిజంగా చచ్చాయో లేదో తెలియాలంటే వారానికొకసారి స్పోర్ టెస్ట్ (తేలిగ్గా చావని స్పోర్లు అనే క్రిముల రూపాన్ని యంత్రంలో పెట్టి చూసే పరీక్ష) చేయాలి. తడిగా ఉన్న పౌచ్‌లను బయటికి తీయకండి, తడి కాగితం గుండా క్రిములు లోపలికి దిగుతాయి. కరెంటు మధ్యలో పోతే ఆ సైకిల్‌ను మొదటి నుంచి నడపాల్సిందే. యంత్రంలో డిస్టిల్డ్ వాటర్ తప్ప బోరు నీళ్లు పోయకండి, తెల్లటి ఉప్పు పొర పేరుకుంటుంది.

జవాబు – ఓరల్ సర్జన్, మెహిదీపట్నం

ఖర్చు తక్కువైన పని నీళ్లది, దాన్ని రేపే మొదలుపెట్టవచ్చు. కుర్చీలోని సన్నని ప్లాస్టిక్ గొట్టాలలో రాత్రంతా నిలిచిన నీటివల్ల గోడలకు బయోఫిల్మ్ (క్రిముల జిగురు పొర) పడుతుంది. ట్యాంకు కనెక్షన్ తీసేసి విడి సీసా అమర్చుకోండి, గొట్టాలను తయారీదారు చెప్పిన మందుతో క్రమంగా శుద్ధి చేయండి, ప్రతి రోగి తర్వాత 20–30 సెకన్లు నీటిని వదిలేయండి. సీడీసీ ప్రకారం మామూలు చికిత్సకు వాడే నీటిలో మిల్లీలీటరుకు బ్యాక్టీరియా 500 సీఎఫ్‌యూ (బతికి పెరగగల క్రిముల లెక్క) దాటకూడదు. పన్ను తీసేటప్పుడూ ఎముక కోసేటప్పుడూ ఈ నీరు కూడా పనికిరాదు, స్టెరైల్ సెలైన్ కావాలి. ఆ సెలైన్ సీసాను సైతం ఒక రోగికి తెరిచి మరొకరికి వాడవద్దు. తమిళనాడులోని వాణియంబాడిలో ఒక దంత క్లినిక్‌తో ముడిపడిన, 2023లో ఎనిమిది మందిని బలిగొన్న మెదడు ఇన్‌ఫెక్షన్‌ను పరిశోధకులు తెరిచి ఉంచిన సెలైన్ సీసాతోనే ముడిపెట్టారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. క్లాస్ బి కొనేలోపు హ్యాండ్‌పీస్‌లను 2 శాతం గ్లుటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణంలో 20 నిమిషాలు ముంచి ఉంచవచ్చా?

సీఎస్‌ఎస్‌డీ టెక్నీషియన్

వద్దు మేడమ్. 20 నిమిషాలకు స్పోర్లు చావవు, అందుకు 10 గంటలు కావాలి. పైగా హ్యాండ్‌పీస్‌ను ద్రావణంలో ముంచకూడదు. అంతవరకూ సాయంత్రం అపాయింట్‌మెంట్లు తగ్గించుకుని, పౌచ్ చేసిన హ్యాండ్‌పీస్‌లను క్లాస్ బి ఉన్న దగ్గరి క్లినిక్‌లో వేయించుకోండి.