అప్‌డేట్: పాత కారు ఇంజన్‌లో పేరుకున్న మడ్డి

సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత పెట్రోలు కారు ఆయిల్ మూత కింద నల్లటి మడ్డి కనిపించిందనీ, ఫ్లష్ (మడ్డిని కరిగించి కడిగేసే ద్రవం) పోయించవచ్చా అనీ లోగడ అడిగాను. ఫ్లష్ జోలికి పోకుండా ముందు ఆయిల్ పాన్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దింపించి చూడమన్నవారి సలహానే పాటించాను. వారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

ఆటోనగర్‌లో మెకానిక్ పాన్ దించగా, అడుగున గ్రీజులా చిక్కబడిన పొర, పంపు ఆయిల్‌ను పీల్చుకునే చోట ఉండే స్ట్రెయినర్ జాలీకి సగానికి పైగా పట్టేసిన ముద్ద బయటపడ్డాయి. ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు) ఆయిల్ ప్రెషర్ లైటు మినుకుమినుకుమనడానికి కారణం అదే. ఫ్లష్ పోసి ఉంటే పైనున్న గడ్డలు ఒక్కసారిగా ఊడివచ్చి, జాలీలో మిగిలిన రంధ్రాలను కూడా మూసివేసి, బేరింగులకు ఆయిల్ అందకుండా చేసే ప్రమాదం ఉండేది. పాన్‌నూ జాలీనీ కిరోసిన్‌తో కడిగించి, పూర్తిగా ఆరాకే బిగించారు. పూడుకుపోయిన పీసీవీ వాల్వ్‌ను కూడా మార్పించాను. ధర తక్కువే అయినా దాన్ని వదిలేయవద్దని నా మనవి, ఎందుకంటే అది మూసుకుపోతే క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది భాగం) లోని ఆవిర్లు బయటికి పోలేక మడ్డి మళ్లీ పేరుకుంటుంది.

లోపల మిగిలినదాన్ని సింథటిక్ ఆయిలే నెమ్మదిగా కరిగించాలి కనుక, ప్రస్తుతానికి 1,500 కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టర్ మార్పిస్తున్నాను. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో దగ్గరి ప్రయాణాలతో ఆయిల్ సరిగా వేడెక్కదు కాబట్టి, వీలైనప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద కాసేపు నడుపుతున్నాను. ప్రెషర్ లైటు మళ్లీ వెలగలేదు, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద గీతలు ఇప్పుడు ఆయిల్ లోంచి కనిపిస్తున్నాయి, అంటే ఆయిల్ అంత నల్లగా లేదన్నమాట.