అద్దె కోసం ఫ్లాటు: పాత పేటా, శివారా?

ప్రశ్న: నమస్కారం. పదిహేనేళ్ల దాకా అమ్మే ఆలోచన లేకుండా, అద్దె ఆదాయం కోసమే ఒక ఫ్లాటు కొనాలనుకుంటున్నాను. రెండు చోట్ల చూశాను. ఒకటి ఊరి నడుమ పాత పేటలో, రెండోది శివారులో పెద్ద కర్మాగారం పక్కన. ధర దాదాపు ఒకటే. శివారులో అద్దె ఒకటిన్నర రెట్లు వస్తుందని అమ్మేవారు చెబుతున్నారు. అటే మొగ్గు చూపుతున్నాను. ఏమంటారు?

జవాబు: బయానా ఇవ్వకముందే అడిగి మంచి పని చేశారు. చెప్పే అద్దె వేరు, చేతికందే అద్దె వేరు. ఫ్లాటు ధర 100 అనుకోండి. పాత పేటలో ఏడాది అద్దె 4, శివారులో 6. పాత పేటలో అరనెల ఖాళీగా ఉంటే సుమారు 3.8 వస్తుంది, పన్ను, నిర్వహణ కలిపి 0.5 పోతే 3.3 మిగులుతుంది. శివారులో మూడు నెలలు ఖాళీ పడితే 6 కాస్తా 4.5 అవుతుంది. మనుషులు మారినప్పుడల్లా గోడలకు సున్నం, మరమ్మతులు, మధ్యవర్తి రుసుము. వాటికి 1.5 పోతే మిగిలేది 3. ఇవి నేను వేసుకున్న అంకెలే, మీ అంకెలతో మళ్లీ లెక్క కట్టండి. అద్దె ఎక్కువగా కనిపించే చోట, ఆ ఎక్కువ దేనికో తప్పకుండా ఆరా తీయాలి.

ప్రశ్న: ఎన్ని నెలలు ఖాళీ పడుతుందో కొనకముందే ఎలా తెలుస్తుంది?

జవాబు: నడవాలండీ, వేరే దారి లేదు. ఆ వీధుల్లో 'అద్దెకు ఇవ్వబడును' బోర్డులు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకుని, నెల తర్వాత మళ్లీ వెళ్లండి. అవే బోర్డులు వేలాడుతుంటే మీకు జవాబు దొరికినట్టే. ప్రకటనల్లో ఉండేది యజమానులు ఆశించే అద్దె. నిజంగా ఎంత ఇస్తున్నారో అక్కడ కాపురం ఉంటున్నవారినే అడగండి. నీళ్లు ఎన్ని గంటలు వస్తాయో, ఎన్నాళ్లుగా ఉంటున్నారో, ముందున్నవారు ఎందుకు వెళ్లిపోయారో కూడా వాళ్లే చెబుతారు. పెద్ద వాన పడిన మర్నాడు ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి చూడండి. ఆ వేళ ఒంటరిగా నడవడానికి జంకే వీధిలో ఉద్యోగం చేసే ఆడపిల్లలు ఇల్లు తీసుకోరు. అద్దెకు వచ్చేవారిలో ఒక పెద్ద భాగం అక్కడే తగ్గిపోతుంది.

మరొకరి జవాబు: నన్ను కలవరపెడుతున్నది ఆ కర్మాగారం. అద్దెకు వచ్చేవారందరి జీతం ఒకే చోటి నుంచి వస్తుంటే, అక్కడ పని తగ్గిన రోజున వీధి మొత్తం ఒకేసారి ఖాళీ అవుతుంది. కార్ల పరిశ్రమ మీద ఎదిగిన అమెరికా నగరం డెట్రాయిట్‌లో 1950లో 18 లక్షలకు పైగా జనం ఉండేవారు. 2020 నాటికి ఆరున్నర లక్షలైనా లేరు. కారణాలు ఇంకా ఉన్నా, ఆ పరిశ్రమ తరలిపోవడం అందులో పెద్దది. ఆసుపత్రి, కళాశాల, కార్యాలయాలు, బజారు అన్నీ అందుబాటులో ఉన్న పేటకు ఆ భయం తక్కువ. శివారులో చుట్టూ ఖాళీ స్థలం ఉంటే అదీ చిక్కే. రేపు అక్కడ కొత్త ఫ్లాట్లు లేస్తే, మీ పాత ఫ్లాటుకు అద్దె పెంచలేరు. రాబోతున్న రైలు మార్గాన్ని చూసి ధర చెబితే ఒప్పుకోకండి, నడుస్తున్న బస్సుకే విలువ కట్టండి.

ప్రశ్న: అయితే శివారును పూర్తిగా వదిలేయాలా?

జవాబు: అక్కర్లేదు. మూడు నెలల ఖాళీ, ఏటా మరమ్మతులు లెక్కలో వేసుకున్నాక కూడా అప్పు వాయిదా కట్టగలిగేంత తక్కువకు ధర దిగితే కొనండి. దిగకపోతే పాత పేటలోనే చిన్న ఫ్లాటు చూడండి. కొనేముందు ఆ భవనం సంఘం ఖాతాలు అడిగి, లిఫ్టుకు, పైకప్పుకు, నీటి గొట్టాలకు ఎంత నిధి దాచారో చూడండి. పాత భవనాల్లో పెద్ద ఖర్చు వచ్చిపడేది అక్కడే.